గోడకవతలి మిషన్

నీళ్లు కిటికీలెక్కిన వరద వచ్చి రెండేళ్లయింది అప్పటికి. నూట పన్నెండో పేజీ దగ్గర కంప్యూటర్ ఠక్కున ఆరిపోయి, దానంతటదే మళ్లీ మొదలైంది.

ఇద్దరన్నదమ్ముల్లో తమ్ముడు బల్ల మీద గుద్దాడు.

“చచ్చింది! పొద్దుట్నించి ఇది ఆరోసారి!”

అతని భార్య వంటింట్లోంచి తొంగి చూసింది. “సేవ్ చేశారా?”

“చేసేలోపే పోతోంది. నువ్వు నాకు నేర్పకు.”

పుస్తకాలకు అక్షరాలు కొట్టి, పేజీలు కట్టివ్వడం అతని పని. రెండొందల ఎనభై పేజీల పుస్తకం శనివారానికి ఇవ్వాలి. “ఆదివారం తెస్తే అది నీ దగ్గరే ఉంచుకో, ఇక నా గుమ్మం ఎక్కకు” అన్నాడు అచ్చువేసే ఆయన. ఇల్లు గడిచేది ఆయనిచ్చే పని మీదే.

రిపేరతను రావడం అది నాలుగోసారి. మొదటిసారి దుమ్ము దులిపి ఫ్యాన్ మార్చాడు. రెండోసారి ర్యామ్, పవర్ సప్లై మార్చాడు. అయినా కుదరక పెట్టెను తన షాపుకే మోసుకుపోయి, మూడోసారి తిరిగి తెచ్చిచ్చాడు.

“నా దగ్గర రెండు రోజులు బుద్ధిమంతుడిలా నడిచింది సార్.”

“మా ఇంటికొస్తే అలుగుతుందా? కొత్తల్లుడా ఇది?”

“అమ్మగారు కూర్చుంటే ఆగదట. మీరు కూర్చుంటేనే ఆగుతోందట.”

“నా మొహం చూసి ఆగుతోందంటావా?”

“మీరు తిట్టినట్టు దాన్నెవరూ తిట్టరు కదా సార్. రోషం వచ్చిందేమో.”

తమ్ముడు నవ్వలేదు. రిపేరతను పట్టపగలే లైటు వేసి, పక్కన స్టూలు వేసుకున్నాడు. “కొట్టండి సార్, చూద్దాం.”

తమ్ముడు గొంతు సవరించుకుని కుర్చీ లాక్కున్నాడు. పది నిమిషాలు గడిచాయి. లైటు ఒక్కసారి కన్నుకొట్టింది. కంప్యూటర్ ఆరిపోయింది.

“దొరికింది!” అన్నాడు రిపేరతను. “జబ్బు పెట్టెలో లేదు సార్, కరెంటులో ఉంది. గోడకవతల ఏముంది?”

తమ్ముడి మొహం ఎర్రబడింది. “మా అన్న వెల్డింగ్ షెడ్డు. ఇద్దరికీ ఒకటే మీటరు. మెయిన్ బోర్డు ఆయన వైపే ఉంది.”

“ఇంకేం మరి? అక్కడ వెల్డింగ్ మిషన్ రాజుకుంటే ఇక్కడ లైను కుంగిపోతుంది. మోత మాత్రం వినపడలేదే?”

“వెల్డింగ్‌కి మోతేముంటుంది, చురచుర తప్ప!” అంటూనే తమ్ముడు పెరటి గోడ దగ్గరకు ఉరికాడు. “ఏయ్! నీ మిషన్ తగలెయ్య! ఆపుతావా, లేదా?”

అవతల నుంచి నెమ్మదిగా వచ్చింది మాట.

“నా పని నాది.”

“నా కూడు పోతోందిక్కడ!”

“ఆ రోజు నా కూడు నీళ్లలో వదిలేసి, నీ పెట్టె నెత్తినెట్టుకుని పోలా?”

తమ్ముడు గోడ దగ్గర నుంచి వెనక్కి తిరిగాడు. వరదనాడు అన్న గుండెల్లోతు నీళ్లలో నిలబడి “ఓ చెయ్యి వెయ్యరా” అని అరిచాడు. ఆ మిషన్ ఎత్తాలంటే ఇద్దరు కావాలి. తమ్ముడు కంప్యూటర్ నెత్తిన పెట్టుకుని గట్టెక్కాడు. మిషన్ మూడు రోజులు బురదనీళ్లలో నానింది. ఆనాటి నుంచి ఒకరి గడప ఒకరు తొక్కలేదు. గోడ దగ్గర మాట పెగలడం కూడా ఇదే మొదలు.

“యూపీఎస్ పెడితే సరి” అన్నాడు రిపేరతను. “పాతదేమైంది?”

“వరదలో పోయింది.”

“కొత్తది తెప్పించాలి. గురువారం అవుతుంది.”

ఆ మూడు రోజులూ కంప్యూటర్ ఆగడం, తమ్ముడు గోడ దగ్గరకు పరుగెత్తడం, తిట్టడం. అతని తిట్ల దెబ్బకు పెరట్లో పిల్లులు కూడా దారి మార్చుకున్నాయి. బుధవారం మధ్యాహ్నం ఇక పట్టలేక భార్యే వీధి చుట్టూ తిరిగి షెడ్డుకు వెళ్లింది. అన్న మెయిన్ బోర్డు కింద, స్విచ్ చేతికందేలా పీట వేసుకుని, తలుపు బందును ఆకురాయితో రాస్తున్నాడు. మూలన మిషన్ మీద గోనెపట్టా కప్పి ఉంది.

“బావగారూ, శనివారం దాకా ఆపండి. మీకు దణ్ణం పెడతాను.”

“వాణ్నొచ్చి అడగమను.”

“ఈ గడప తొక్కరాయన. మీకు తెలీదా?”

“గోడ దగ్గర నుంచే అడగమను.”

“అడుగుతున్నారా, బూతులు తిడుతున్నారు! నాకే సిగ్గేస్తోంది. మీరు మనసులో పెట్టుకోకండి.”

“తిట్టనీలే అమ్మా.” ఆకురాయి ఆపాడు. “జలుబు తగ్గినట్టుంది. గొంతు బాగా వస్తోంది.”

ఆమెకు ఒళ్లు మండింది. మొగుడి కడుపు కొడుతూ గొంతు బాగుందట! విసురుగా వచ్చేసింది.

గురువారం యూపీఎస్ వచ్చింది. తమ్ముడు కుర్చీ లాక్కుని పది నిమిషాలు కొట్టేసరికి లైటు కన్నుకొట్టింది, యూపీఎస్ కీచుమంది. కంప్యూటర్ మాత్రం కదల్లేదు.

“చూశారా సార్, ఆ దెబ్బ ఇది కాసుకుంటుంది” అన్నాడు రిపేరతను.

తమ్ముడు గోడ దగ్గరకు వెళ్లి చివరిసారి అరిచాడు.

“కాల్చుకో! నీ ఇష్టమొచ్చినంత కాల్చుకో! ఇక నీ ఊసు నాకక్కర్లేదు!”

ఆ సాయంత్రం యూపీఎస్ ఇంకో నాలుగుసార్లు కీచుమంది. శుక్రవారం రెండుసార్లు. తమ్ముడు తల కూడా తిప్పలేదు. శనివారం పుస్తకం ఇచ్చేసి, కొత్త పుస్తకం చంకన పెట్టుకుని వచ్చాడు. ఆ రోజు యూపీఎస్ కీచుమనలేదు.

మర్నాడు పొద్దున్నే అన్న పాత ఇనుము బండిని ఆపాడు. బండివాణ్ని ఓ చెయ్యి వెయ్యమని, గోనెపట్టాతో సహా మిషన్‌ని బండెక్కించాడు.

వరదలో మునిగిన రోజు నుంచి అది ఒక్కసారి కూడా రాజుకోలేదు.