కోసి దాచిన పొరలు

త్రినాథరావు కూర్చోబోయేసరికి పోశమ్మ కుర్చీ లాగేసింది.

"కంపెనీ మనిషికి మా పంచాయతీల కుర్చీ లేదు" అంది.

అతను బల్ల ముందు నిలబడే కంప్యూటర్ తీగలు కలుపుకున్నాడు.

అది తొంభై ఆరో సంవత్సరం. ఊరి బావుల్లో నీళ్లు రంగు మారి కంపు కొడుతున్నాయి. పాలమ్ముకునే పోశమ్మ లెక్క తేలికైనది. నీళ్లు చెడితే బర్రె చెడుతుంది, బర్రె చెడితే పాలు చెడతాయి, పాలు చెడితే పటాన్‌చెరు హోటళ్లు వాడిక మానేస్తాయి. ఆ విషం, మందుల ఫ్యాక్టరీ మురుగు వదిలే గుంట నుంచే వస్తోందని తేలితే గుంట మూస్తారు. తేలకపోతే బర్రెలను అమ్ముకోవడమే.

తేల్చడానికే ఎమ్మార్వో వచ్చాడు. బావుల నీళ్లను లోతు లోతునా పరీక్షించి, భూమి కింద విషం ఎక్కడెక్కడ ఉందో బొమ్మ గీయడం త్రినాథరావు పని. జీతమిచ్చేది మాత్రం ఫ్యాక్టరీ. దాని మేనేజర్ కామేశ్వరరావు ఎమ్మార్వో పక్కన ధీమాగా కూర్చున్నాడు.

బొమ్మకు ఎంతసేపు పడుతుందని ఎమ్మార్వో అడిగాడు.

ఊరి కింది భూమంతా ఈ కంప్యూటర్ పెట్టెలో ఒకే అంకెల ముద్దగా ఉందనీ, అందులోంచి ఒక్క పొర కోసి గీయాలంటే అరగంట పడుతుందనీ, అందుకే అన్ని లోతుల పొరలూ ముందే కోసి దాచాననీ, ఇప్పుడు ఇట్టే తెరుచుకుంటాయనీ త్రినాథరావు చెప్పాడు.

"వండి దాచిన కూర తెచ్చినవా మాకు? పాసిపోయిందో ఏమో" అంది పోశమ్మ.

జనం నవ్వారు. మేనేజర్ కూడా నవ్వాడు.

మొదటి పొర తెరుచుకుంది. ఫ్యాక్టరీ గుంట దగ్గర మొదలైన ఎరుపు ఊరి బావుల దాకా పాకి ఉంది.

మేనేజర్ లేచి వచ్చాడు. ఇంకా లోతుకు పొమ్మన్నాడు. కింది పొరలో ఎరుపు ఇంకా చిక్కగా ఉంది.

"అంకెలు మార్చాం కదయ్యా. ఈ పాత బొమ్మలెలా వచ్చాయి?" గొంతు తగ్గించి అడిగాడు.

"అంకెలు మార్చానండి. పొరలు మళ్లీ కోయలేదు. పొరపాటైంది."

బల్లనానుకుని నిలబడ్డ పోశమ్మ ఆ రెండు మాటలూ విన్నది. మేనేజర్ స్విచ్ మీదికి చెయ్యి చాచేలోపు అడ్డం వచ్చింది.

"ముట్టుకోకు సారూ. పాలమ్మేదానికే నీళ్ల లెక్క మార్చి చూపిస్తవా?"

విన్నదంతా ఎమ్మార్వోకు అరిచి చెప్పింది. ఆయన మిగిలిన పొరలన్నీ తెరిపించి చూశాడు. గుంట మూయమని అక్కడే ఉత్తరువు రాశాడు.

త్రినాథరావు కొలువు కూడా అక్కడే ఊడింది. పనికిమాలినవాడని మేనేజర్ అందరి ముందూ తిట్టాడు. అతను విని, పెట్టె అక్కడే వదిలి, బస్సు దారి పట్టాడు.

"అక్కల్ లేనోడు. వాని తప్పు మనకు కలిసొచ్చింది" అంది పోశమ్మ, అతనికి వినబడేలాగే.

ఊరంతా నవ్వింది.

మరుసటి ఎండాకాలం, నీళ్లు ఎంత తేరాయో చూడమని సర్కారు సంగయ్య అనే కుర్రాణ్ణి పంపింది. త్రినాథరావు వదిలిన పెట్టెలోనే కొత్త అంకెలు ఎక్కించాడు. పొర తెరిచిన ప్రతిసారీ తెర మూలన చిన్న రాత మెరవడం, అతను ఒక మీట నొక్కడం పోశమ్మ చూసింది.

"అదేంది బిడ్డా, గడిగడికి ఏదో అడుగుతున్నది?"

"అంకెలు మారినయ్ గదా పెద్దమ్మా. దాచిన పాత పొరనే చూపాల్నా, కొత్తగా కోయాల్నా అని అడుగుతది. ఎన్కటి సారు గట్ల రాసిపెట్టిండు. జవాబియ్యకుంటే ముందుకు పోదు."

పోశమ్మ బస్సు దారి వైపు తిరిగి చూసింది.

ఆ రోజు కూడా అది పొరపొరకూ అడిగే ఉంటుంది. మేనేజర్ కళ్ల ముందే, పొరపొరకూ, పాతదే చూపమని త్రినాథరావు నొక్కాడు.