ఆవిడేమంది?

"వాడూ ఒక మనిషేనా మేడమ్? పెళ్లాం నోరు తెరిస్తే చాలు, కసిరి కూర్చోబెడతాడు. ఆ మొహం చూస్తేనే నాకు ఒళ్లు మండిపోతుంది!"

భార్యాభర్తల గొడవలు సర్దే ఆ కౌన్సిలర్, తన గోడు చెప్పుకోవడానికి నెలకోసారి ఈ పెద్దావిడ దగ్గరికి వస్తుంది. పెద్దావిడ ముప్పై ఏళ్లు అదే పని చేసింది.

"ఆరు వారాలుగా వాడి తిక్క కుదురుస్తూనే ఉన్నాను. నిన్న గంటసేపు గడ్డి పెట్టాను. అయినా చలనం లేదు, సిగ్గులేని జన్మ!"

"మరి ఆ అమ్మాయి ఏమంటోంది?"

"ఏ అమ్మాయి?"

"అతని భార్య."

"ఆవిడేమంటుంది మేడమ్, పాపం! నోట్లో నాలుక లేని మనిషి."

"నువ్వు అడిగావా తల్లీ?"

'అడక్కుండా ఉంటానా' అనుకుంటూ కౌన్సిలర్ విసురుగా ఫైలు తెరిచింది. పేజీల నిండా భర్త మాటలు, వాటికి తను వేసిన చురకలు. భార్య మాట కోసం మొదటి నుంచీ తిప్పుకుంటూ వచ్చింది. నిన్నటి పేజీలో, తన చేతిరాతలోనే దొరికింది.

'ఆవిడ మధ్యలో ఏదో చెప్పబోయింది. ఆగమన్నాను.'

"ఏం రాశావు? పైకి చదువు," అంది పెద్దావిడ.

కౌన్సిలర్ ఫైలును పెద్దావిడ వైపు తిప్పి పెట్టింది.