పాడే ముఖం

అతనికి స్తంభం వెనక సీటు వచ్చింది.

ఎడమకు వంగితే ముందు వరుస చివరి కుర్చీ, వేదిక అంచు. కుడికి వంగితే పక్కాయన భుజం. మధ్యలో, పిల్లలు నిలబడే చోటుకు సరిగ్గా అడ్డంగా, సున్నం వేసిన లావుపాటి స్తంభం.

అక్కకు ఫోన్ చేశాడు.

"ఏమీ కనిపించడం లేదే."

"పాట వినడానికేగా వెళ్లావు. చూడ్డానికి ఏముందిరా?"

"విన్నాను కదా ఇన్నాళ్లూ."

"అయితే ఆ స్తంభాన్ని కాస్త జరగమను. అదైనా అడగగలవో లేదో, నీ మొహమాటం తగలెయ్య."

అతను ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తాడు. పగలంతా కిటికీ లేని గదిలో నిలబడి, "ఊపిరి బిగబట్టండి, ఇక వదలండి" అని మనుషులకు చెబుతాడు. భార్య పోయాక, ఇంటికి వచ్చి ఆ మాటే తనకు తాను చెప్పుకోవలసి వచ్చేది. ఆ రోజుల్లో దొరికింది ఈ బాలుర పాటల బృందం రికార్డు. అందులో ఆఖరి పాట ఒక్క పిల్లవాడే పాడతాడు. అది వింటున్నంతసేపూ ఊపిరి దానంతటదే ఆడేది.

గొంతు తెలుసు. ముఖం తెలియదు.

ముఖం లేని గొంతు తన తలలోనే పుడుతోందేమోనని ఒక్కోసారి భయం వేసేది. అది నిజంగా ఒక మనిషి నోటి నుంచి వస్తోందని ఒక్కసారి కళ్లతో చూడాలి. అందుకే వచ్చాడు.

మొదటి సగమంతా స్తంభాన్ని చూస్తూ విన్నాడు.

విసుగెత్తి ఎడమకు వంగినప్పుడల్లా ముందు వరుస చివర ఒకావిడ కనిపించింది. అందరూ చప్పట్లు కొడితే, చుట్టూ ఒకసారి చూసి, అప్పుడు మొదలుపెడుతోంది. పిల్లలు గొంతులు బాగా తగ్గించి, హాలంతా చెవులు రిక్కించిన చోట, సంచీ జిప్పు బర్రుమని లాగింది. జనం తిరిగి చూశారు. ఆవిడ పట్టించుకోలేదు.

ఎవరో ఊరికే ఇచ్చిన టికెట్టు అయి ఉంటుంది, అనుకున్నాడు. ఇలాంటి వాళ్లకే దొరుకుతుంది ముందు వరుస.

విరామంలో తిన్నగా ఆవిడ దగ్గరకు వెళ్లాడు.

"ఏమండీ."

ఆవిడ తల తిప్పలేదు.

"ఏమండీ, మిమ్మల్నే."

ఎదురుగా వచ్చి నిలబడితే గానీ చూడలేదు.

"ఏమీ అనుకోకపోతే, మిగతా సగానికి సీట్లు మార్చుకుందామా? నాది ఆ స్తంభం వెనక. పాట బాగానే వినిపిస్తుంది. కనిపించదు, అంతే."

"ఏం చూడాలి మీకు?"

గొంతు అవసరానికి మించి పెద్దది. ఎక్కడా ఎగుడుదిగుడు లేదు. ఇద్దరు ముగ్గురు ఇటు చూశారు.

"ఆఖరి పాట పాడే అబ్బాయిని," అన్నాడు అతను, మెల్లగా. "వాడి గొంతు పట్టుకునే బతికి ఉన్నాను."

అన్నాక సిగ్గేసింది. అక్కతో కూడా అనని మాట.

ఆవిడ అతని ముఖం మీంచి చూపు తిప్పలేదు.

"ఎలా ఉంటుంది ఆ గొంతు?"

అతనికి చిర్రెత్తింది. ముందు వరుసలో కూర్చుని అడగాల్సిన ప్రశ్నేనా ఇది?

"రికార్డు ఉందిగా. వినే ఉంటారు."

"మీకు ఎలా ఉంటుందో చెప్పండి."

అతను వెతుక్కున్నాడు.

"కరెంటు పోయిన ఇంట్లో ఒక్కరే ఉన్నారనుకోండి. పక్క గదిలో ఎవరో ఉన్నారని తెలుస్తుంది. పిలవరు, రారు. కానీ ఉన్నారు. అలా ఉంటుంది."

"పక్క గదిలో ఎవరో ఉన్నట్టు," అంది ఆవిడ, ఆ మాటను తనకు తాను నేర్పుకుంటున్నట్టు.

సంచీ తీసుకుని లేచింది.

"కూర్చోండి. నేను చాలాసార్లు చూశాను."

ఇంత తేలిగ్గా ఇచ్చేస్తుందనుకోలేదు. తేలిగ్గా ఇచ్చింది కాబట్టి కృతజ్ఞత కూడా తేలిగ్గానే కలిగింది.

ఆఖరి పాటకు ముందు, పిల్లలకు పాట నేర్పే మాస్టారు వేదిక అంచుకు వచ్చాడు. ఈ అబ్బాయి గొంతు మారుతోందని, ఈ పాట వాడు పాడటం ఇదే చివరిసారని చెప్పాడు. హాలంతా ఒక నిట్టూర్పు.

అతను కుర్చీ అంచుకు జరిగాడు. స్తంభం వెనకే ఉండిపోయి ఉంటే?

పిల్లవాడు ముందుకొచ్చాడు. సన్నటివాడు. పై పెదవి మీద అప్పుడే నూగు. వాడి చూపు నేరుగా అతని కుర్చీ మీదికే వచ్చింది. ఒక్క క్షణం కనుబొమలు ముడిపడ్డాయి. వరుస ఈ చివరి నుంచి ఆ చివరికి చూశాడు. పియానో మీద పాట ఎత్తుగడ అయిపోవస్తోంది. మళ్లీ ఈ కుర్చీ వైపే తిరిగి, పాడాడు.

ఒక్కో మాటనూ పెదాలతో విడదీసి, చేతికి అందిస్తున్నట్టు పాడాడు. రికార్డులో తెలియనిది ఇదే. గొంతుకు నిజంగానే ఒక నోరు ఉంది. ఆ నోరు తన వైపే తెరుచుకుంటోంది.

ఇన్నాళ్లుగా ఒకడు వింటున్నాడని ఈ పిల్లవాడికి ఎలాగో తెలిసిపోయింది, అనిపించింది అతనికి. కళ్లు తుడుచుకోవాలని కూడా తోచలేదు.

చప్పట్లు ఆగకముందే స్తంభం దగ్గరకు వెళ్లాడు. ఆవిడకు చెప్పాలి, వాడు నన్నే చూస్తూ పాడాడని.

సీటు ఖాళీగా ఉంది. సీట్లు చూపించే పెద్దాయన పక్కనే నిలబడి ఉన్నాడు.

"ఇక్కడ కూర్చున్నావిడ ఏరండీ?"

"పాట మధ్యలోనే బయటికి వెళ్లిపోయింది బాబూ. అసలు ఇవాళ ఇటెందుకు వచ్చిందో. ముందు వరుస చివరి కుర్చీ ఆవిడ కోసమని మాస్టారే అట్టేపెట్టిస్తారు."

"నేనే అడిగాను. ఇక్కడికి కూడా బాగానే వినిపిస్తుంది కదా అని."

పెద్దాయన తల అడ్డంగా ఊపాడు.

"ఆవిడకు చిన్నప్పుడే చెవులు పోయాయి బాబూ, కొడుకు పెదాలు చూసే ఆ పాట వినేది."