కత్తి అక్షరం

"ఆ అచ్చరంతోనే రాయి బాబూ," అంది నరసమ్మ, షాపు గోడకి వేలాడుతున్న ఫ్లెక్సీ చూపించి.

ఎవరిదో పుట్టినరోజు ఫ్లెక్సీ అది. సన్నగా, పొడుగ్గా, ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ నిలబడ్డ అక్షరాలు. గుండ్రంగా తిరగాల్సిన చోటల్లా కోణాలు. తలకట్టు బల్లెం మొనే. చర్చి కిటికీల్లా ఉన్నాయని కొందరంటే, కుర్రాళ్ళు కత్తి అక్షరమని పేరు పెట్టారు.

చోడవరంలో అది ప్రేమ్‌కుమార్ షాపులో తప్ప దొరకదు. గోవాడ ఫ్యాక్టరీ దగ్గర చెరుకు లారీలు బారులు తీరినప్పుడు, ఒక లారీ వెనక 'చిన్నారి' అని రాసుంటే చూసి ఆగిపోయాడు. ఫోన్లో ఫోటో తీసుకుని, ఆ పోలికలోనే మిగతా అక్షరాలు విశాఖలో గీయించి కంప్యూటర్‌లోకి ఎక్కించాడు. ఇప్పుడు జిమ్ముకీ, మటన్ కొట్టుకీ, కబడ్డీ పోటీలకీ అదే. ఎంత పొడుగు పేరైనా ఒక్క వరసలో ఇమిడిపోతుంది.

లారీ మీద రాసినవాడెవడో అతను అడగలేదు. అడిగే అలవాటు మన ఊళ్ళల్లో ఎవడికుంది గనక.

"ఎవరు పోయేరు పిన్నీ?" ఆమె చేతిలో ఫోటో చూసి అడిగాడు ప్రేమ్‌కుమార్.

"మా ఆయన. బంగార్రాజు. రేపు పెద్దకర్మ."

"సావుకి ఆ అక్షరం ఏటి? అది రౌడీల పుట్టినరోజులకి. గుండ్రటిది పెడతాను, శాంతంగా ఉంటాది."

కుర్చీ చూపించినా నరసమ్మ కూర్చోలేదు. గుమ్మానికీ కంప్యూటర్‌కీ మధ్య తిరుగుతూనే ఉంది. తనకి చదువు రాదనీ, అయినా ఆ అక్షరం ఎక్కడున్నా పోల్చుకుంటాననీ చెప్పింది.

"అదైతే ఆయన్ని నలుగురూ గుర్తుపడతారు బాబూ."

"ఫోటో ఉంటాది కదా. ముఖం సూసి గుర్తుపడతారు."

"ముకం ఎవులు సూసేరు? ఎప్పుడూ అటు తిరిగే కదా ఉండీవోడు."

దుఃఖంలో ఏదో మాట్లాడుతోందనుకున్నాడు ప్రేమ్‌కుమార్. బయట పుట్టినరోజు ఫ్లెక్సీ కోసం వచ్చినవాళ్ళు బళ్ళ మీదే కూర్చుని హారన్లు కొడుతున్నారు. ఆమె ఇచ్చిన ఫోటో స్కానర్‌లో పడేశాడు. హడావిడిగా తల వరకూ కత్తిరించాడు. వెనకున్నదంతా చెరిపేసి నీలాకాశం పెట్టాడు, పక్కన ఒక దీపం. పోయినవాళ్ళందరికీ అతను పెట్టేది ఆ ఆకాశమే.

అచ్చయి వచ్చిన ఫ్లెక్సీలో గుండ్రటి పేరు మీద నరసమ్మ వేలితో తడిమి చూసింది.

"ఇది ఆయన కాదు బాబూ," అంది. మళ్ళీ వేసే టైము లేదన్నాడతను. ఆమె ఫ్లెక్సీని చుట్టుకుని చీడికాడ ఆటో ఎక్కింది.

పెద్దకర్మ అయిపోయిన మర్నాడు, ఎవరో ఆధార్ కాపీ అడిగితే స్కానర్ మూత ఎత్తాడు ప్రేమ్‌కుమార్. నరసమ్మ మర్చిపోయిన ఫోటో అందులోనే ఉంది. పక్కన పెట్టబోయి, మొదటిసారి దాన్ని నిండుగా చూశాడు.

ఆకాశం లేదు. చెరుకు లారీ వెనక తలుపు ఉంది. దాని మీద కత్తి అక్షరాలతో 'చిన్నా' వరకే రాసి ఉంది.

'రి' రావాల్సిన చోట కుంచె ఆనించి, ఎవరో పిలిస్తే ఇటు తిరిగినట్టు, బంగార్రాజు నవ్వుతున్నాడు.