గాల్లో ఎగిరిన అత్తగారు

"ఈ బొమ్మలు వేసిందెవరు?"

సత్యనారాయణమ్మ గొట్టంలా చుట్టిన నోటు పుస్తకం ఒకటి పట్టుకుని, భోజనం చేస్తున్న కొడుకు ముందు నిలబడి అడిగింది. వడ్డిస్తున్న కోడలు బాలామణి చేతిలో గరిటె ఆగిపోయింది.

"ఏం బొమ్మలమ్మా?" అన్నాడు రామకోటేశ్వరరావు, విస్తట్లోంచి తలెత్తకుండా.

"నా బొమ్మలురా! నన్ను గాల్లో ఎగరేశారు. నా పమిట చెంగు రెక్కలట! నా తాళాల గుత్తి ఆయుధమట! అరవయ్యేళ్ళదాన్ని, జగ్గయ్యపేట బజారంతా గౌరవంగా చూసేదాన్ని..." 

బాలామణి మజ్జిగ తెచ్చే వంకతో వెనక గదిలోకి పరిగెత్తింది. నిన్నటిదాకా అక్కడ చిత్తుకాగితాల గుట్ట ఉండేది. యుద్ధం అయ్యాక తెల్ల సోల్జర్లు వదిలేసిపోయిన రంగుల బొమ్మల పుస్తకాలవి. బెజవాడలో తూకానికి అమ్ముతుంటే, కిరాణా కొట్లో పొట్లాలకని రామకోటేశ్వరరావు తెప్పించేవాడు. వాటిలో ఒంటికతుక్కునే బట్టలేసుకుని, భుజాన దుప్పటిలాంటిది కట్టుకుని ఒక మొనగాడు ఆకాశంలో ఎగిరేవాడు, రైలుబండిని భుజానికెత్తుకునేవాడు. ఇంగ్లీషు రాకపోయినా బాలామణి మధ్యాహ్నాలు వాటిని చూస్తూ తిండి మరిచిపోయేది. చూసి చూసి ఒకరోజు తనే కలం పట్టి నోటు పుస్తకంలో అత్తగారి బొమ్మలు వేసింది. కీసర దగ్గర మున్నేట్లో దిగబడ్డ బస్సుని అత్తగారు చిటికెనవేలితో లేపి ఒడ్డున పెట్టింది. నందిగామలో ఎవరో బెల్లం ముక్క నోట్లో వేసుకుంటే ఇక్కణ్ణుంచే వాసన పట్టింది. ఆ పుస్తకాన్ని గుట్ట అడుగున దాచింది.

ఇప్పుడు గుట్టా లేదు, పుస్తకమూ లేదు.

తిరిగొచ్చేసరికి అత్తగారు అంటోంది. "ఇంట్లోవాళ్ళు ఇలాంటి పని చెయ్యరు. బొమ్మలొచ్చినవాడు ఆ ప్రేమదాసే!"

ప్రేమదాసు పదిరోజులుగా వాళ్ళ కొట్టుకి బోర్డు రాస్తున్నాడు. మంచినీళ్ళకని రోజుకొకసారి పెరట్లోకి వచ్చేవాడు.

"అంతే అయ్యుంటుందమ్మా," అన్నాడు రామకోటేశ్వరరావు మెల్లిగా.

ప్రేమదాసుని పిలిపించారు. అతను చేతులకున్న రంగు తుడుచుకుంటూ వాకిట్లో నిలబడ్డాడు.

"నేను కాదమ్మగారూ. నేను వేసిందయితే కింద పేరు పెట్టుకుంటా. దాచుకోను."

"మళ్ళీ ఎదురు మాటొకటా! ఈ బజార్లో నీకింకెవరు పనిస్తారో చూస్తా!"

చెప్పు, నేనే వేశానని చెప్పు, అనుకుంది బాలామణి. కానీ తలుపు చాటుకి తప్పుకుంది. ప్రేమదాసు నిచ్చెన భుజానేసుకుని, రంగుడబ్బాలు చేతికి తగిలించుకుని నందిగామ రోడ్డున వెళ్ళిపోయాడు. కొట్టుమీద బోర్డు 'కిరాణా వర్త' దగ్గర ఆగిపోయింది.

ఆ రోజునుంచి బాలామణికి అన్నం సయించలేదు. మొగుడూ సరిగా తినడం లేదని గమనించింది గానీ, తల్లి బాధపడిందని కాబోలు అనుకుంది. కొట్టుకి వెళ్ళే ప్రతిసారీ అతను బోర్డు వైపు చూడకుండా లోపలికి పోతున్నాడని పనిమనిషి రాఘవమ్మ చెప్పింది. ఇంకో మాట కూడా ఆవిడే మోసుకొచ్చింది.

"ప్రేమదాసు నందిగామలో పత్తి బస్తాలు మోస్తన్నాడంటమ్మా. ఇక్కడి కబురు అక్కడి కొట్లకీ పాకిందంట, బోర్డు పని ఎవరూ ఇవ్వట్లేదు. కుంచె పట్టే చెయ్యి కదా, వాచిపోయిందంట."

బాలామణి ఇక ఆగలేకపోయింది. తిన్నగా వెళ్ళి, పడక్కుర్చీలో ఉన్న అత్తగారి కాళ్ళ దగ్గర కూలబడింది.

"అత్తయ్యా! ఆ బొమ్మలు వేసింది ప్రేమదాసు కాదు, నేను. నన్నేమన్నా అనండి, పుట్టింటికి పంపెయ్యండి. అతన్ని మాత్రం వెనక్కి పిలిపించండి."

సత్యనారాయణమ్మ లేచి, భోషాణం తెరిచి, నోటు పుస్తకం తెచ్చి కోడలి ఒళ్ళో వేసింది.

"ఇదేనా నువ్వు వేసింది?"

బాలామణి తెరిచి చూసింది. బస్సు లేదు, మున్నేరు లేదు. తను కలంతో గీస్తే ఇది నీలం పెన్సిలుతో గీసి ఉంది. అత్తగారు ఆకాశమంత ఎత్తున ఎగురుతోంది. ఆమె పిడికిట్లో బొటనవేలంత మనిషొకడు, మీసాలతో సహా, గిలగిల్లాడుతున్నాడు. వాడి నోటి దగ్గర రాసి ఉంది: 'అమ్మా, ఊపిరాడటం లేదు, కాస్త వదులు.'

ఆ అక్షరాలు రోజూ కొట్టునుంచి వచ్చే సామాన్ల చీటీల మీద చూసేవే. తను వేసిన పుస్తకం కాగితాలతో పాటు కొట్టుకి పోయి ఎప్పుడో పొట్లాలైపోయి ఉంటుంది.

"ఇది... ఇది..." అంది బాలామణి.

"వాడి చేతిరాత నేను పోల్చుకోలేననుకున్నావా?" సత్యనారాయణమ్మ కళ్ళు తుడుచుకుంది. "ప్రేమదాసుని రేపే పిలిపిస్తాలే. కన్నకొడుకు నన్నింత మాటన్నాడని నలుగురికీ తెలిస్తే తల కొట్టేసినట్టుంటుందని, తెలిసి తెలిసి వాడి తప్పు ఆ అమాయకుడి నెత్తిన పెట్టా. మరి నీది ఎవరి నెత్తిన పెట్టమంటావే?"