ఎవరి తరఫు మనిషి

పాల కేంద్రం వరండాలో రెండు బెంచీలు ఎదురెదురుగా వేయించింది హిమజ.

మధ్యవర్తిత్వం నేర్పే శిక్షణ నరసరావుపేటలో పూర్తిచేసి వచ్చాక, ఆమె కూర్చున్న మొదటి తగాదా ఇదే.

ఇల్లు అలకగానే పండగ కాదని ఆమెకూ తెలుసు.

వెంకట్, కృష్ణచైతన్య ఒక తల్లి బిడ్డలు. ఇద్దరి మిరప చేలకూ ఒకటే బోరు. నీళ్ళ వంతు దగ్గర మాటామాటా పెరిగి, నిన్న తమ్ముడు కృష్ణచైతన్య గొడ్డలి పట్టుకుని చేలోకి దిగాడు. ఊరివాళ్ళు పట్టుకుని ఆపారు. ఈ రోజు తేలకపోతే రేపు ఆపేవాళ్ళు దొరకాలిగా.

ఒక బెంచీ మీద వెంకట్, అతని భార్య లిఖిత. ఇంకో బెంచీ మీద కృష్ణచైతన్య, అతని బావమరిది.

రెండు బెంచీల మధ్య, నేల మీద, ఒక ముసలామె.

ఎప్పుడొచ్చిందో ఎవరూ చూడలేదు. తమ్ముడి అత్తగారి వైపు పెద్దామె అనుకున్నాడు వెంకట్. వదిన పుట్టింటి మనిషి అనుకున్నాడు కృష్ణచైతన్య. పంచాయితీకి ఎదుటివాళ్ళు ఎవర్ని తెచ్చుకున్నా ఎవరని అడగరు. అది అక్కడి మర్యాద. గొడ్డలి ఎత్తేవాళ్ళు కూడా ఆ మర్యాద మాత్రం తప్పరు.

మాటలు మొదలయ్యాయి. వెంకట్ గొంతు పెరిగితే ఆమె తల వెంకట్ వైపు తిరిగింది. తమ్ముడి గొంతు పెరిగితే అటు తిరిగింది. రెప్ప వేయడం లేదు.

ఆ చూపు తన ముఖం మీద కాకుండా మెడ మీద ఉన్నట్టు అనిపించింది వెంకట్‌కి. మాట మధ్యలో ఆపేశాడు.

"ఏందమ్మా, అట్టా చూస్తన్నావు?"

"పెద్దోడివి నువ్వేనా నాయనా?"

"అవును."

"అన్నం తినొచ్చావా?"

అన్నం తిన్నావా అని అడిగితే భయపడాల్సిన పనేముంది? అయినా వెంకట్ బెంచీ మీద వెనక్కి జరిగాడు.

లిఖిత లేచి వచ్చి హిమజ చెవిలో అంది.

"హిమజక్కా, ఈమెను నేను చూశా. పోయినేడు మా పుట్టింటి ఊళ్ళో. ఆళ్ళదీ పొలం గొడవే. ఈమె వచ్చి గడపలో కూసుంది. తరిమేశారు. పొద్దుగూకే లోపల శవం లేచింది."

"ఊరుకో లిఖితా."

"క్రోసూరు అవతల ఇంకో ఊళ్ళో కూడా ఇట్టానేనంట. ఈమె యాడ కాలు పెడితే ఆడ చావు."

హిమజ అలాంటివి నమ్మదు. నమ్మదు గానీ ఆమెను అక్కడ ఉంచబుద్ధి కాలేదు. ఇరువర్గాలూ ఒప్పుకోని మనిషి చర్చలో ఉండకూడదని శిక్షణలో చెప్పారు. ఆ రూలు గుర్తొచ్చి కాస్త ధైర్యం వచ్చింది.

"ఈ పెద్దామె మీ తరఫేనా?" అని వెంకట్‌ని అడిగింది.

"మాకేం తెలుసు? వాళ్ళ తరఫు కదా?"

"మా తరఫా? ఎవరో మాకు తెలవదు," అన్నాడు కృష్ణచైతన్య.

హిమజ ముసలామె వైపు తిరిగింది.

"అవ్వా, నువ్వు ఎవరి తరఫు?"

"ఇద్దరి తరఫూనమ్మా."

"అట్టా కుదరదవ్వా."

"నేనేం మాట్లాడను. మధ్యలో కూసుంటా, అంతే."

"లే అవ్వా. బయటికి నడు."

కృష్ణచైతన్య బావమరిది ఆమె రెక్క పట్టుకుని మెట్లు దించాడు. ఆమె కూర్చున్న చోట లిఖిత నీళ్ళు చల్లింది. అదే చెంబులోంచి ఆమెకు గుక్కెడు ఇద్దామని ఒక్కరికీ తోచలేదు. పల్నాడు ఎండ మాడ్చేస్తోంది. ఆమె ఎటూ వెళ్ళకుండా మెట్ల కిందే నిలబడింది.

హిమజ నేర్చుకున్నవన్నీ చెప్పింది. ఒకరు మాట్లాడేటప్పుడు ఇంకొకరు వినాలంది. జరిగినవి కాదు, జరగాల్సినవి చూడమంది. అన్నదమ్ములు ఇద్దరూ ఒకేసారి అరిచారు.

"నాయన బతికుంటే నిన్ను చేలోకి అడుగు పెట్టనిచ్చేవాడే కాదు," అన్నాడు వెంకట్.

ఆ మాట అనకుండా ఉండాల్సింది.

వరండా మెట్ల పక్కనే, పైపు కోసం తవ్విన గుంట దగ్గర గడ్డపార ఉంది. అది తమ్ముడి చేతికొచ్చింది. గడ్డపార లేవడం వరకే హిమజ చూసింది. తర్వాత కళ్ళు మూసుకుంది.

తెరిచేసరికి వెంకట్ నిలబడే ఉన్నాడు.

అన్నదమ్ముల మధ్య ముసలామె ఉంది. ఆమె కుడిచెయ్యి మోచేతి కింద వంగకూడని వైపుకి వంగింది. ఆమె అరవలేదు. ఎడమచేత్తో కృష్ణచైతన్య చెంప నిమిరింది.

"తగల్లేదులే నాయనా. మీ అన్నకేం కాలేదు. చూడు, నిలబడే ఉన్నాడు."

కృష్ణచైతన్య చేతిలోంచి గడ్డపార జారిపోయింది. నేల మీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. వెంకటే ఆటో కోసం పరిగెత్తాడు.

నరసరావుపేట ఆసుపత్రిలో ఆమెకు చెరో పక్కన కూర్చున్నారు అన్నదమ్ములు. కట్టు కడుతూ నర్సు అడిగింది.

"వీళ్ళిద్దరూ మీ అబ్బాయిలా పెద్దమ్మా?"

"కాదమ్మా. నా కొడుకులు వేరే. నాకూ ఇద్దరే."

హిమజ సిగ్గుతో తలెత్తలేకపోయింది. ఈ అవ్వకూ ఒక ఇల్లుంటుందని, పిల్లలుంటారని ఇంతసేపటికి గాని తట్టలేదు.

"తప్పయిపోయింది అవ్వా. మీవాళ్ళు ఎక్కడుంటారో చెప్పు, ఇప్పుడే పిలిపిస్తా."

"పెద్దోడు మా చేలోనే ఉన్నాడమ్మా. సమాధి కట్టించా."

హిమజ ఆమె కట్టు లేని చెయ్యి పట్టుకుంది.

"మరి చిన్నబ్బాయి?"

"అన్నను నరికి, రాజమండ్రి జైల్లో ఉన్నాడు."