పలక మాట

వాగు వచ్చి జలాశయంలో కలిసే మలుపు దగ్గర, రెల్లు చాటున నిలబడి గాలం వేస్తున్న మనిషిని చూసి దర్జీ ముందు నమ్మలేదు. ఆ టోపీ తను కుట్టిందే. దాని కింద ఉన్నది తన బావమరిదే.

"ఏరా, రేవులో పలక చూడలేదా?"

బావమరిది ఉలిక్కిపడి తిరిగాడు. అంతలోనే చేతిలో గాలపుకర్ర విల్లులా వంగింది.

పావుగంట తర్వాత త్రాసుకి వేలాడిన చేప ఏడు కిలోలు తూగింది. గాలం వేసే వీలు లేక ఊరికే గట్టు మీద తిరుగుతున్న ఇద్దరు సంఘం సభ్యులు దాన్ని కళ్లారా చూశారు. తూచాక చేపను నీళ్లలో వదిలేశారు. అది తోకతో నీళ్లు చిమ్మి హాయిగా వెళ్లిపోయింది. దర్జీ ప్రాణమే ఉసూరుమంది.

గాలం సంఘం గదిలో గోడకి ఒక చెక్క ఉంది. అన్నిటికన్నా పెద్ద చేప పట్టినవాడి పేరు దాని మీద రాస్తారు. తొమ్మిదేళ్లుగా అక్కడున్నది దర్జీ పేరే. ఆరు కిలోల నాలుగొందల గ్రాములు. పదేళ్లు నిలిచిన పేరును ఇత్తడి రేకు మీద చెక్కి ఎప్పటికీ ఉంచేస్తారు. పదో ఏడు ఈ ఆదివారంతో నిండుతుంది. పొద్దస్తమానం మెడ వంచుకుని ఒకళ్ల చొక్కాకి గుండీలు, ఇంకొకళ్ల ప్యాంటుకి జిప్పులు వేసే మనిషికి తలెత్తుకుని నిలబడే చోటు అదొక్కటే.

ఈ ఏడు ఎండాకాలానికి తిక్క పట్టింది. మూడు రోజులు నిప్పులు చెరిగి, నాలుగో రోజు వడగళ్లు కురిపిస్తోంది. సభ్యులూ దానికి తగ్గట్టే మారారు. గాలి ఆడని రోజున ఎరను అడుగుకి దించడం, మబ్బు కమ్ముకొచ్చే అరగంటలో చేప ఆబగా తింటుంది కాబట్టి అప్పుడే నాలుగు పట్టి, ఉరుము వినపడగానే కర్రలు పడేసి పరుగెత్తడం నేర్చుకున్నారు. అయితే ఏం చేసినా ముందు రేవులో పలక చూడాల్సిందే. రోజూ పొద్దున్నే దాని మీద నీటి వేడి ఎంతో రాసి ఉంటుంది. ఇరవై నాలుగు డిగ్రీలు దాటితే ఎవరూ గాలం వేయకూడదు. వెచ్చటి నీళ్లలో ఊపిరాడని చేపను పట్టి వదిలినా బతకదని ఆ నియమం పెట్టుకున్నారు.

మూడు వారాలుగా పలక ఇరవై ఆరుకి తగ్గలేదు.

"మొన్న అంత వాన కురిసింది కదయ్యా, తగ్గదేంటి?" అన్నాడోసారి సంఘం అధ్యక్షుడు, పళ్ల డాక్టరు.

"పైపైన తడిసిందంతే డాక్టరుగారూ. లోపలంతా కుతకుతే," అన్నాడు దర్జీ.

అందరూ నిట్టూర్చి, కర్రలు విప్పకుండానే ఇళ్లకు పోయారు. దర్జీ కూడా పోయాడు. ఆ మూడు వారాల్లో ఒక్కసారంటే ఒక్కసారి కూడా గాలం వేయలేదు.

మరి వీడు?

కొక్కేనికి ముడి వేయడం నేర్పింది తను. వాన వెలిశాక వాగు నీళ్లు చల్లగా దిగే చోటికే చేపలు చేరతాయని చెప్పింది తను. బావమరిది బతకగోరతాడంటారు. వీడు ఏకై వచ్చి మేకై కూర్చున్నాడు. దర్జీకి కోపం వచ్చింది. ఏడుపు కూడా వచ్చింది.

ఆ సాయంత్రం సంఘం గదిలో పంచాయితీ పెట్టారు.

"పలక ఇరవై ఏడు చెబుతుంటే వీడు గాలం వేశాడు. ఆ చేప చెల్లదు," అన్నాడు దర్జీ. సుద్ద అంటిన వేళ్లతోనే కళ్లు తుడుచుకున్నాడు. "సొంత తమ్ముడికన్నా ఎక్కువగా చూసుకున్నాను. నమ్మినవాడే నట్టేట ముంచాడు. ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడని ఊరికే అనలేదు."

డాక్టరు బావమరిది వైపు తిరిగాడు. "ఏమయ్యా, నువ్వేమంటావు?"

బావమరిది లిఫ్టులు బాగుచేసేవాడు. మాటకారి కాదు. టోపీని చేతుల్లో తిప్పుతూ నిలబడ్డాడు. "నీళ్లలో చెయ్యి పెట్టి చూశానండి. చల్లగా ఉన్నాయి."

"నీ చెయ్యిని నమ్మాలా, పలకని నమ్మాలా?" అన్నారెవరో. గదంతా నవ్వింది.

బావమరిది దర్జీ వైపు తిరిగాడు.

"అక్క మొహం చూసి ఊరుకుంటున్నా," అన్నాడు చివరికి. "పలకదే చివరి మాట. నీ ఇష్టం బావా."

చేపను లెక్కలోంచి కొట్టేశారు. బావమరిదిని సంఘంలోంచి తీసేశారు. అతను టోపీ బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు.

"సొంత మనిషని కూడా చూడలేదు. మీలాంటివాళ్లు ఉండబట్టే ఈ సంఘం నిలబడింది," అని డాక్టరు దర్జీ భుజం తట్టాడు.

ఇంట్లో భార్య మొహం మాడ్చుకుంది. "ఎంత పెద్ద తప్పు చేశాడండీ మా తమ్ముడు?"

"నమ్మకద్రోహం," అన్నాడు దర్జీ. "అంతకన్నా పెద్ద తప్పుందా?"

ఆమె కంచం ముందు పెట్టి లోపలికి పోయింది.

తెల్లారితే ఆదివారం. వేకువనే వాన దంచికొట్టి వెలిసింది. చల్లటి గాలికి ఒళ్లు జిల్లుమంటోంది. ఇంకా ఎవరూ రాలేదు. దర్జీ ఒక్కడే రేవు మెట్లు దిగాడు. అన్నీ నేర్పిన మనిషినే మోసం చేయడానికి వాడికి చేతులెలా వచ్చాయా అన్న బాధ గుండెల్లో ఇంకా మెలిపెడుతూనే ఉంది.

సంఘం నమ్మి తన చేతికిచ్చిన థర్మామీటరును నీళ్లలో ముంచకుండానే, జేబులోంచి బట్టలు గీసే సుద్దబిళ్ల తీసి, మూడు వారాలుగా రాస్తున్నట్టే పలక మీద ఆ రోజు అంకె కూడా రాశాడు: ఇరవై ఏడు.